వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్: మొదట అనుమతి లేదంది, కెర్నల్ అప్‌డేట్ తర్వాత అసలు కనిపించడమే మానేసింది

వీఎం_అభ్యాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విండోస్ 11 నడుస్తున్న కంప్యూటర్‌లో (హోస్ట్) వర్చువల్‌బాక్స్ 7.0 అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్ పెట్టుకుని, అందులో గెస్ట్‌గా, అంటే లోపల నడిచే సిస్టమ్‌గా, డెబియన్ కుటుంబానికి చెందిన ఒక లినక్స్‌ను వాడుతున్నాను. హోస్ట్‌లో “ప్రాజెక్ట్” అనే ఫోల్డర్ ఉంది. వెబ్‌సైట్ కోడ్‌ను విండోస్‌లోని ఎడిటర్‌లో రాసి, అదే కోడ్‌ను గెస్ట్‌లోని వెబ్ సర్వర్‌తో నడిపి చూసుకోవాలన్నది నా ఉద్దేశం. ఇందుకోసం మెషీన్ సెట్టింగ్స్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ పేజీలో ఆ ఫోల్డర్‌ను చేర్చి, ఆటో మౌంట్‌కు (గెస్ట్‌లో ఫోల్డర్‌ను దానంతట అదే తగిలించే ఏర్పాటుకు) టిక్ పెట్టాను. గెస్ట్‌లో పెట్టే సహాయక ప్రోగ్రాములైన గెస్ట్ అడిషన్స్ సీడీని చొప్పించి ఇన్‌స్టాల్ కూడా చేశాను.

మొదట్లో /మీడియా కింద ఎస్ఎఫ్_ప్రాజెక్ట్ అనే పేరుతో ఫోల్డర్ కనిపించేది, కానీ తెరవబోతే అనుమతి లేదని చెప్పేది. నిర్వాహకుడి హక్కుతో నడిపే సుడో ముందు పెట్టి చూస్తే మాత్రం లోపలి ఫైళ్లన్నీ వరుసగా వచ్చేవి. అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్‌తో అందరికీ పూర్తి హక్కునిచ్చే 777 ఇచ్చినా అనుమతుల్లో ఏ మార్పూ రాలేదు, పైగా లోపం జరిగినట్టు ఏ సందేశమూ రాలేదు. ఈలోగా గెస్ట్‌లో సిస్టమ్ అప్‌డేట్ జరిగింది. రీబూట్ చేశాక ఆ ఫోల్డర్ కనిపించడమే మానేసింది. చేత్తో మౌంట్ చేయబోతే ఫైల్ సిస్టమ్ రకం తప్పు, లేదా ఆప్షన్ తప్పు, లేదా సూపర్‌బ్లాక్ పాడైంది అనే అర్థం వచ్చే పొడవాటి సందేశం వస్తోంది.

ఇది ఒకటే సమస్యా, లేక రెండు వేర్వేరు సమస్యలా? గెస్ట్ మొత్తాన్ని తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. దానికి ముందు ఇక్కడి పెద్దల సలహా తీసుకుందామని రాస్తున్నాను.

కెర్నల్‌కాపరి

అభ్యాసి గారూ, అవి రెండు వేర్వేరు సమస్యలు. దేనికీ గెస్ట్‌ను తీసేయనక్కరలేదు. పైగా తీసేసి మళ్లీ పెట్టినా మొదటి సమస్య మొదటి రోజే తిరిగి వస్తుంది, రెండోది లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్ తర్వాతి అప్‌డేట్‌తో వస్తుంది.

ముందు అనుమతి సంగతి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఫోల్డర్ కళ్లెదుటే ఉండి కూడా తెరుచుకోకపోవడం వర్చువల్‌బాక్స్ వాడేవారిలో చాలామందికి ఎదురయ్యేదే. ఆటో మౌంట్ అయిన ఫోల్డర్‌కు యజమాని రూట్ (సిస్టమ్ నిర్వాహకుడు), గ్రూప్ వీబాక్స్‌ఎస్ఎఫ్, అనుమతి 770. అంటే రూట్‌కూ ఆ గ్రూప్‌లో ఉన్నవారికీ పూర్తి హక్కు ఉంటుంది, మిగిలినవారికి ఏమీ ఉండదు. మీ లాగిన్ ఆ గ్రూప్‌లో లేదు కాబట్టే సుడోకు తెరుచుకున్నది మీకు తెరుచుకోలేదు. సీహెచ్‌మాడ్ పనిచేయకపోవడానికి కారణం వేరు. ఆ ఫైళ్లు నిజంగా ఉన్నది విండోస్ డిస్క్‌లో. లినక్స్ తరహా అనుమతులను రాసిపెట్టుకునే చోటు అక్కడ లేదు కనుక, గెస్ట్‌లో కనిపించే అనుమతులన్నీ మౌంట్ చేసేటప్పుడు నిర్ణయమైపోయినవే. వాటిని మార్చాలంటే మౌంట్ ఆప్షన్లను మార్చాలి, లేదా గ్రూప్‌లో చేరాలి.

గ్రూప్‌లో చేరడానికి యూజర్‌మాడ్ కమాండ్ వాడాలి. దానికి చిన్న అక్షరం ఏ, పెద్ద అక్షరం జీ కలిపిన ఆప్షన్ ఇచ్చి, తర్వాత గ్రూప్ పేరు, చివర మీ యూజర్ పేరు రాయాలి. ఆ చిన్న ఏను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదిలేయకండి. అది లేకపోతే ఉన్న గ్రూపులకు కొత్తది చేర్చడానికి బదులు, మీ అదనపు గ్రూపులన్నింటినీ తీసేసి ఇదొక్కదాన్నే ఉంచుతుంది. అప్పుడు సుడో హక్కు కూడా పోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి రికవరీ మోడ్‌లోకి వెళ్లాల్సి రావచ్చు. గ్రూప్ మార్పు అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కు వర్తించదు కాబట్టి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. కొన్ని డెస్క్‌టాప్‌లలో అది కూడా చాలదు, గెస్ట్‌ను రీబూట్ చేస్తే సందేహం తీరిపోతుంది. ఆ తర్వాత ఐడీ కమాండ్ ఇచ్చి, జాబితాలో వీబాక్స్‌ఎస్ఎఫ్ ఉందో లేదో చూడండి.

ఇక రెండోది. షేర్డ్ ఫోల్డర్ పని జరగాలంటే గెస్ట్ కెర్నల్‌లో వీబాక్స్‌గెస్ట్, వీబాక్స్‌ఎస్ఎఫ్ అనే రెండు మాడ్యూళ్లు, అంటే కెర్నల్‌కు తగిలించే భాగాలు, ఉండాలి. గెస్ట్ అడిషన్స్ సీడీ నుంచి పెట్టుకున్నవి ఇన్‌స్టాల్ చేసిన రోజున ఉన్న కెర్నల్‌కు సరిపడేలా కంపైల్ అవుతాయి. కెర్నల్ మారితే మళ్లీ కంపైల్ కావాలి. ఆ పని బూట్ సమయంలో తనంతట తానే జరగడానికి ఏర్పాటు ఉంది గాని, కొత్త కెర్నల్‌కు సంబంధించిన హెడర్లు (కంపైల్‌కు కావలసిన వివరాల ఫైళ్లు) గాని, జీసీసీ, మేక్ వంటి పనిముట్లు గాని లేకపోతే నిశ్శబ్దంగా విఫలమవుతుంది. మీకు వచ్చిన పొడవాటి సందేశంలోని సూపర్‌బ్లాక్ మాట చూసి డిస్క్ పాడైందని కంగారు పడకండి. వీబాక్స్‌ఎస్ఎఫ్ అనే రకం ఫైల్ సిస్టమ్ తనకు తెలియదని చెప్పడానికి మౌంట్ కమాండ్ వాడే మూస వాక్యమే అది.

కాబట్టి ఈ వరుసలో చూడండి. ఎక్కి ఉన్న మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్ ఇచ్చి, అందులో వీబాక్స్‌ఎస్ఎఫ్ ఉందా లేదా చూడండి. లేకపోతే మాడ్‌ప్రోబ్‌తో దాన్ని ఎక్కించడానికి ప్రయత్నించి, వచ్చే సందేశాన్ని అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాయండి. అసలు విషయమంతా ఆ ఒక్క వరుసలోనే ఉంటుంది. యూనేమ్ చెప్పే కెర్నల్ వెర్షన్‌కూ, మీ దగ్గరున్న హెడర్ల ప్యాకేజీ వెర్షన్‌కూ పొంతన ఉందో చూసుకోండి. లేకపోతే సరైన హెడర్లు పెట్టుకుని, ఆర్‌సీవీబాక్స్‌యాడ్ కమాండ్‌ను సెటప్ అనే మాటతో సుడో కింద నడపండి. విఫలమైతే /వార్/లాగ్ కింద వీబాక్స్‌యాడ్-సెటప్ అనే లాగ్ ఫైల్‌లో కారణం దొరుకుతుంది.

ఇంకొక్కటి: సెట్టింగ్స్‌లో మీ ఫోల్డర్ “మెషీన్ ఫోల్డర్స్” కింద ఉందా, “ట్రాన్సియెంట్ ఫోల్డర్స్” కింద ఉందా? మెషీన్ నడుస్తుండగా శాశ్వతం అనే టిక్ లేకుండా చేర్చినది రెండో దాని కిందికి వెళుతుంది, మెషీన్ ఆపగానే మాయమవుతుంది. మీ సమస్య అది కాదనే అనుకుంటున్నాను, కానీ చూడడానికి అర నిమిషం కూడా పట్టదు.

వీఎం_అభ్యాసి

చాలా కృతజ్ఞతలు. ఫోల్డర్ మెషీన్ ఫోల్డర్స్ కిందే ఉంది. మాడ్‌ప్రోబ్ ఇస్తే ప్రస్తుత కెర్నల్ డైరెక్టరీలో ఆ మాడ్యూల్ దొరకలేదని చెప్పింది. చూస్తే పాత కెర్నల్ హెడర్లే ఉన్నాయి, కొత్తవి రాలేదు. వాటిని పెట్టి సెటప్ నడిపాక మాడ్యూల్ ఎక్కింది, రీబూట్ చేశాక ఫోల్డర్ కూడా వచ్చింది. గ్రూప్‌లో చేరడం వల్ల ఇప్పుడు సుడో లేకుండానే తెరుచుకుంటోంది. ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కూ ఇదే తంతు నడపాలా?

కెర్నల్‌కాపరి

అవసరం లేదు. వెర్షన్ నంబర్ పేర్కొన్న హెడర్ల ప్యాకేజీని కాకుండా, కెర్నల్‌తో పాటు ఎప్పటికప్పుడు మారే మెటా ప్యాకేజీని పెట్టుకుంటే కొత్త హెడర్లు వాటంతట అవే వస్తాయి. వీబాక్స్‌ఎస్ఎఫ్ 2020లో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి లినక్స్ మూలంలోనే ఉందన్నది కూడా గుర్తుంచుకోండి. మీ డిస్ట్రిబ్యూషన్ దాన్ని తన కెర్నల్ ప్యాకేజీలో కలిపి ఇస్తుంటే మాడ్యూల్ కోసం కంపైలర్ అవసరమే ఉండదు. అయితే మాడ్యూల్ ఉన్నంత మాత్రాన ఆటో మౌంట్ జరగదు. ఆ పని చేసేది వీబాక్స్‌సర్వీస్ అనే ప్రోగ్రామ్, అది గెస్ట్ అడిషన్స్‌తో గాని డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే గెస్ట్ యుటిల్స్ ప్యాకేజీతో గాని వస్తుంది. ఈ రెండింటిలో ఏదో ఒక్కటే ఉంచుకోండి. సీడీ నుంచి ఒకసారి, ప్యాకేజీ మేనేజర్ నుంచి ఒకసారి పెట్టుకుని, ఏ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని స్థితికి చేరిన మెషీన్లను బాగుచేయడం అన్నింటికంటే విసుగు పుట్టించే పని. సందేహం ఉంటే మాడ్యూల్ వివరాలు చూపే మాడ్‌ఇన్ఫో ఇవ్వండి. మాడ్యూల్ దారిలో “మిస్క్” అని ఉంటే సీడీది, “కెర్నల్/ఎఫ్ఎస్” అని ఉంటే కెర్నల్‌తో వచ్చినది.

నల్లతెర

ఈ చర్చలోనే అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇదే లక్షణం, కానీ హెడర్లు సరిగ్గానే ఉన్నాయి, కంపైల్ కూడా లోపం లేకుండా ముగిసింది. మాడ్‌ప్రోబ్ ఇస్తే మాత్రం తాళంచెవిని సర్వీస్ తిరస్కరించిందనే సందేశం వస్తోంది. హోస్ట్‌లోని బయోస్‌కు వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేసినా మార్పు లేదు.

కెర్నల్‌కాపరి

నల్లతెర గారూ, హోస్ట్‌లోని సెక్యూర్ బూట్‌కు దీనితో సంబంధం లేదు, దాన్ని మళ్లీ ఆన్ చేసుకోండి. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి గెస్ట్‌కు సొంత సెక్యూర్ బూట్ ఉంటోంది. అది ఆన్‌లో ఉంటే గెస్ట్ కెర్నల్ తాను గుర్తించే సంతకం లేని మాడ్యూల్‌ను లోపలికి రానివ్వదు, మీరు అక్కడికక్కడ కంపైల్ చేసిన దానికి ఆ సంతకం ఉండదు. మాక్‌యుటిల్ కమాండ్‌తో గెస్ట్ లోపలి స్థితి తెలుస్తుంది. నేర్చుకోవడానికి వాడే మెషీన్ అయితే దాన్ని పూర్తిగా ఆపి, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద మదర్‌బోర్డ్ పేజీలో సెక్యూర్ బూట్ టిక్ తీసేయడం సులువు. అది ఉండి తీరాలంటే సొంత తాళంచెవిని తయారుచేసి, మాక్‌యుటిల్‌తో నమోదు చేసి, తర్వాతి బూట్‌లో వచ్చే నీలి తెరపై ఒప్పుకోవాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది, కన్నార్పితే దాటిపోతుంది.

వీఎం_అభ్యాసి

ఫోల్డర్ బాగానే నడుస్తోంది గాని, ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. విండోస్‌లో స్టైల్ ఫైల్ మార్చి సేవ్ చేస్తే, గెస్ట్ టెర్మినల్‌లో క్యాట్‌తో చూసినప్పుడు కొత్త పాఠమే కనిపిస్తోంది, కానీ వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్ మాత్రం పాత ఫైల్‌నే పంపుతోంది, ఒక్కోసారి చివర చెత్త అక్షరాలు కూడా చేరుతున్నాయి. బ్రౌజర్ క్యాష్ కాదని నిర్ధారించుకున్నాను. అంతేకాక, ఫైల్ మారగానే తనంతట తాను తిరిగి నడవాల్సిన బిల్డ్ ప్రోగ్రామ్ కదలడం లేదు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ అయితే ప్రోటోకాల్ లోపం అంటూ మధ్యలోనే ఆగిపోతోంది.

నెట్‌వర్క్‌నేస్తం

అభ్యాసి గారూ, మూడింటికీ మూలం ఒకటే: షేర్డ్ ఫోల్డర్ చూడడానికి డిస్క్‌లా ఉంటుంది గాని, డిస్క్ చేసే పనులన్నీ చేయదు.

పాత ఫైల్ రావడానికి కారణం సెండ్‌ఫైల్ అనే సిస్టమ్ కాల్. వెబ్ సర్వర్లు వేగం కోసం ఫైల్‌ను తాము చదవకుండా, దీన్ని నెట్‌వర్క్‌కు పంపించు అని కెర్నల్‌కే అప్పగిస్తాయి. షేర్డ్ ఫోల్డర్ విషయంలో హోస్ట్‌లో జరిగిన మార్పు ఆ దారిలో ఉన్న పాత పేజీలకు తెలియకపోవచ్చు. మీరు క్యాట్‌తో చూసినప్పుడు చదివే దారి వేరు, అందుకే అక్కడ కొత్తది కనిపించింది. వర్చువల్ మెషీన్లను సిద్ధం చేసే వేగ్రంట్ అనే పనిముట్టు అధికారిక పత్రాలు కూడా వర్చువల్‌బాక్స్ వాడేవారికి ఈ హెచ్చరిక చేస్తాయి. ఎన్‌జినెక్స్ కాన్ఫిగరేషన్‌లో సెండ్‌ఫైల్‌ను ఆఫ్ చేసి, సర్వర్‌ను రీలోడ్ చేయండి. అపాచీ వాడేవారు ఎనేబుల్‌సెండ్‌ఫైల్ అనే డైరెక్టివ్‌ను ఆఫ్ చేయాలి.

బిల్డ్ ప్రోగ్రామ్ కదలకపోవడానికి కారణం ఐనోటిఫై. ఫైల్ మారిందన్న కబురు గెస్ట్ కెర్నల్ ఇస్తేనే ఆ ప్రోగ్రామ్‌కు తెలుస్తుంది. మార్పు చేసింది విండోస్. గెస్ట్ కెర్నల్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చాలా బిల్డ్ ప్రోగ్రాములలో పోలింగ్ అనే ఆప్షన్ ఉంటుంది. కబురు కోసం ఎదురుచూడకుండా కొద్ది సమయానికొకసారి తామే వెళ్లి చూసుకుంటాయి. ప్రాసెసర్‌కు కొంత శ్రమ, ఫైళ్లు వేలల్లో ఉంటే చాలా శ్రమ.

ఎన్‌పీఎమ్ ఆగిపోవడం సింబాలిక్ లింకుల (వేరే ఫైల్‌కు దారి చూపే ఫైళ్ల) వల్ల. గెస్ట్‌లోని దుష్ట ప్రోగ్రామ్ లింకుల సాయంతో షేర్ చేయని చోట్లకు దారి వేసుకోకుండా, షేర్డ్ ఫోల్డర్లలో లింకులు సృష్టించడాన్ని వర్చువల్‌బాక్స్ మామూలుగా అడ్డుకుంటుంది. వీబాక్స్‌మేనేజ్ కమాండ్‌తో ఫలానా షేర్‌కు మాత్రం అనుమతించే వీలుంది గాని, విండోస్ హోస్ట్‌లో లింకులు సృష్టించడానికి వర్చువల్‌బాక్స్‌ను నిర్వాహకుడి హక్కులతో నడపాల్సి రావచ్చు. నో బిన్ లింక్స్ అనే ఆప్షన్‌తో ఎన్‌పీఎమ్‌ను నడపడం తాత్కాలికంగా గట్టెక్కిస్తుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లకు కూడా ఇదే ఇబ్బంది, అక్కడ కాపీస్ అనే ఆప్షన్ ఉంది.

వీటన్నింటికీ మాసికలు వేసుకుంటూ పోవచ్చు. నా అభిప్రాయమైతే, మీ పనికి ఈ ఏర్పాటును తిరగేయడమే సబబు. కోడ్‌ను గెస్ట్ సొంత డిస్క్‌లో ఉంచి, గెస్ట్‌లో సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కు పంచే ప్రోగ్రామ్) పెట్టి, ఆ ఫోల్డర్‌ను విండోస్‌కు షేర్ చేయండి. ఎడిటర్ విండోస్‌లోనే ఉంటుంది, కానీ రాసే పని సాంబా ద్వారా గెస్ట్ కెర్నల్ చేతుల మీదుగానే జరుగుతుంది. కనుక ఐనోటిఫై కబురు అందుతుంది, లింకులు పనిచేస్తాయి, సెండ్‌ఫైల్‌ను ఆపనక్కరలేదు. గెస్ట్ లోపల ఫైల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లినక్స్ పద్ధతిలోనే నిలుస్తుంది. డేటాబేస్ ఫైళ్లనైతే షేర్డ్ ఫోల్డర్‌లో ఎన్నడూ పెట్టకండి; లాకింగ్ సరిగ్గా జరగక పాడైతే బ్యాకప్ తప్ప మార్గం ఉండదు.

ఇందుకు నెట్‌వర్క్ విషయంలో ఒక మార్పు కావాలి. మామూలు నాట్ నెట్‌వర్క్‌లో గెస్ట్ నుంచి హోస్ట్‌ను 10.0.2.2 అనే చిరునామాతో చేరుకోవచ్చు గాని, హోస్ట్ నుంచి గెస్ట్‌ను నేరుగా చేరుకోలేము. కాబట్టి నాట్‌ను అలాగే ఉంచి, రెండో అడాప్టర్‌గా హోస్ట్, గెస్ట్‌ల మధ్య మాత్రమే నడిచే హోస్ట్ ఓన్లీ చేర్చండి. గెస్ట్‌కు సాధారణంగా 192.168.56తో మొదలయ్యే చిరునామా వస్తుంది, విండోస్ నుంచి దానితో కలపండి.

కెర్నల్‌కాపరి

నేస్తం గారు చెప్పిన సాంకేతిక విషయాలతో ఏకీభవిస్తూనే, ఒక్క చోట విభేదిస్తాను. రోజుకు నాలుగు పత్రాలు అటూ ఇటూ పంపుకునేవారికి సాంబా పెద్ద హడావుడి. వారికి షేర్డ్ ఫోల్డరే చాలు, లేదా హోస్ట్‌లోని 2222 పోర్ట్‌ను గెస్ట్‌లోని 22కు ఫార్వర్డ్ చేసి, ఫైళ్లు పంపే ఎస్ఎఫ్‌టీపీ వాడుకోవచ్చు. పైగా కోడ్ అంతా వర్చువల్ డిస్క్‌లోకి వెళ్లిపోయాక హోస్ట్‌లో నడిచే మామూలు బ్యాకప్ దాన్ని విడివిడి ఫైళ్లుగా చూడలేదు. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టి వేరే చోటికి పుష్ చేసే అలవాటు లేకపోతే, డిస్క్ ఫైల్ దెబ్బతిన్న రోజున కోడ్ కూడా దానితోనే పోతుంది. అభ్యాసి గారి అవసరానికి మాత్రం తిరగేసిన ఏర్పాటే సరి.

మౌనపాఠకుడు

వర్చువల్‌బాక్స్ లాంటివే అయిన వీఎంవేర్, కేవీఎమ్ వాడేవారు ఈ పేజీకి వస్తే వారికోసం రెండు మాటలు. వీఎంవేర్‌లో ఓపెన్ వీఎం టూల్స్ ఉన్నా /ఎంఎన్‌టీ/హెచ్‌జీఎఫ్ఎస్ ఖాళీగా కనిపిస్తే, వీఎంవేర్-హెచ్‌జీఎఫ్ఎస్‌క్లయింట్ కమాండ్ ఇవ్వండి. అది షేర్ పేరు చూపిస్తే లోపం మౌంట్‌లో ఉంది, చూపకపోతే హోస్ట్ సెట్టింగ్స్‌లో ఉంది. రూట్‌గా మౌంట్ చేసి, మామూలు యూజర్‌కు కనిపించకపోతే అలో అదర్ ఆప్షన్ మర్చిపోయారన్నమాట. కేవీఎమ్‌లో ఫోల్డర్ పంచుకోవడానికి పాత 9పీ పద్ధతి కంటే వర్ట్‌ఐఓఎఫ్ఎస్ మేలు. గెస్ట్ కెర్నల్ 5.4 లేదా ఆపైది కావాలి, కేవీఎమ్‌ను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో షేర్డ్ మెమరీని ముందుగా ఆన్ చేయాలి. మౌంట్ చేసేటప్పుడు హోస్ట్‌లోని దారిని కాక, మీరు పెట్టిన ట్యాగ్ పేరును ఇవ్వాలి.

వీఎం_అభ్యాసి

హోస్ట్ ఓన్లీ అడాప్టర్ చేర్చి సాంబా పెట్టాను. విండోస్ నుంచి పింగ్ అందుతోంది, కానీ షేర్ తెరిస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. లినక్స్‌లో లాగిన్ అయ్యే అదే పాస్‌వర్డ్ ఇస్తున్నాను. అతిథి ప్రవేశానికి అనుమతించి చూస్తే, భద్రతా విధానాలు ఒప్పుకోవని విండోస్ అడ్డుకుంటోంది.

నెట్‌వర్క్‌నేస్తం

సాంబాకు పాస్‌వర్డ్‌ల పట్టిక వేరుగా ఉంటుంది, లినక్స్ పాస్‌వర్డ్ దానికి తెలియదు. ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ కమాండ్‌కు చిన్న ఏ ఆప్షన్, మీ యూజర్ పేరు ఇచ్చి అక్కడ కూడా ఒక పాస్‌వర్డ్ పెట్టండి. అతిథి ప్రవేశం జోలికి వెళ్లకండి. విండోస్ 11 ప్రో ఎడిషన్‌లో 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని ఎస్ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి) షేర్లను మామూలుగా తిరస్కరిస్తుంది. దాన్ని రిజిస్ట్రీలో సడలించమని చెప్పే సలహాలు చాలాచోట్ల కనిపిస్తాయి గాని, ఒక్క కమాండ్‌తో తీరే పనికి హోస్ట్ రక్షణను తగ్గించుకోవడం అనవసరం. దాని పాత రూపమైన ఎస్ఎంబీ1ను తిరిగి ఆన్ చేయమనే సలహాలనూ పక్కన పెట్టండి.

విండోస్ పాత తప్పు పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకుని ఉండవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ చిరునామా కింద ఉన్నదాన్ని తొలగించి మళ్లీ ప్రయత్నించండి. తెరుచుకున్నాక దాన్ని డ్రైవ్ అక్షరానికి మ్యాప్ చేసుకుంటే ఎడిటర్లకు సౌకర్యం. సాంబాను హోస్ట్ ఓన్లీ అడాప్టర్‌కే పరిమితం చేయడం మాత్రం మర్చిపోకండి: గ్లోబల్ విభాగంలో ఇంటర్‌ఫేసెస్ వరుసలో లూప్‌బ్యాక్‌తో పాటు ఆ అడాప్టర్ పేరు రాసి, బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీకి యెస్ (అవును) అని ఇవ్వండి.

వీఎం_అభ్యాసి

ఎస్ఎంబీపాస్‌డబ్ల్యూడీ ఇచ్చి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేయగానే షేర్ తెరుచుకుంది. స్టైల్ ఫైల్ సేవ్ చేసిన వెంటనే బిల్డ్ ప్రోగ్రామ్ కదిలింది, ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కూడా ఏ ఆప్షన్ లేకుండానే పూర్తయింది. పాత షేర్డ్ ఫోల్డర్‌ను చదవడానికి మాత్రమే వీలయ్యేలా రీడ్ ఓన్లీ టిక్ పెట్టి ఉంచాను, హోస్ట్‌లోని పత్రాలను గెస్ట్‌లో చూసుకోవడానికి పనికొస్తుంది. కోడ్‌ను గిట్‌లోకి ఎక్కించే పని ఈ సాయంత్రమే మొదలుపెడుతున్నాను. ప్రశ్నకు పరిష్కారం దొరికిందని గుర్తు పెడుతున్నాను.